ముప్పై ఎనిమిది మందికి హామీ

తిరువూరు,
11-2-1974.

మాస్టారికి సామ్రాజ్యం నమస్కరించి రాస్తున్నాను.

మీరు వెళ్ళి ఈ రోజుకు పదకొండు రోజులు. చార్జి తీసుకున్నాను గానీ మీ కుర్చీలో ఇంకా కూర్చోలేదు. పక్కన నా పాత స్టూలు మీదే ఉండి పుస్తకాలు ఇస్తున్నాను. చర్చి స్కూలు లాజరు పంతులు గారు నిన్న వచ్చి చూసి, "కుర్చీ ఖాళీగా ఉంటే ఆఫీసులో ఎవరూ లేరనుకుంటారమ్మా" అన్నారు. రేపటి నుంచి కూర్చుంటాను.

తొమ్మిది గంటల బస్సులో పేపర్లు వస్తూనే ఉన్నాయి. మెట్ల మీద ఎదురు చూసేవాళ్ళు ఎప్పటిలాగే ఉన్నారు. మీరు చదివి వినిపించినట్టే నేనూ మొదటి పేజీ పైకి చదవబోయాను. అందరూ నా మొహం వంక చూశారు గానీ వినలేదు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మూడో రోజు నుంచి చదవడం మానేశాను. ఇప్పుడు పేపరును నాలుగు ముక్కలు చేసి ఇస్తే చదవగలిగినవాళ్ళు తమలో తాము చదువుకుంటున్నారు. చదవలేనివాళ్ళు రావడం తగ్గింది.

ఎదురు లారీ షెడ్డు ఖాదర్‌బాషా గారు రోజూ గేటు దగ్గర నిలబడి, "రావుగారెప్పుడొస్తారమ్మాయ్?" అని అడుగుతారు. మీరు సెలవు మీద వెళ్ళినట్టే ఆయన మాట్లాడతారు. నేనూ కాదనడం లేదు.

ఆర్డరులో పరిపాలనా కారణాలు అని మాత్రమే ఉంది. ఇంకొక్క ఏడాదిలో రిటైరయ్యే మనిషిని, పదహారేళ్ళు ఒకే ఊళ్ళో ఉన్న మనిషిని, జిల్లా ఆ చివరికి ఎందుకు పంపారో ఇక్కడ ఎవరికీ అర్థం కాలేదు. మీకు తెలిస్తే రాయండి. ఎనిమిది నెలలు మీ కింద అసిస్టెంటుగా చేసినంత మాత్రాన నేను లైబ్రేరియన్‌నైపోతానా మాస్టారూ? ఎనిమిదో తరగతిలో నా దరఖాస్తు మీద మీరు సంతకం పెట్టకపోతే ఈ గదిలోకి అసలు వచ్చేదాన్నే కాదు.

మీరు తిరిగి రావాలని ప్రతి ఆదివారం ప్రార్థన చేసుకుంటున్నాను.

సామ్రాజ్యం.


నడిలంక,
26-2-1974.

చి. సామ్రాజ్యానికి,

నీ ఉత్తరం అందింది. కుర్చీలో కూర్చున్నావని తలుస్తాను.

బదిలీ అంటే బదిలీయే. దానికి కారణాలు వెతకకు. ఉద్యోగంలో చేరిన రోజే ఇలాంటిది ఒకటి ఉంటుందని ఒప్పుకుని చేరతాం.

ఇక్కడ బాగానే ఉంది. బస్సు దిగి పడవలో దాటి రావాలి. లైబ్రరీ అంటే ఒక గది, రెండు బీరువాలు, మూడు వందల పన్నెండు పుస్తకాలు. ఉప్పుగాలికి అట్టలు వంకర్లు తిరుగుతున్నాయి. పేపరు మధ్యాహ్నం రెండింటికి చేరుతుంది, అప్పటికి జనం వలల పనిలో ఉంటారు. రోజుకు తొమ్మిది మంది వస్తారు. గదికి దగ్గర్లోనే బస దొరికింది. ఒంటరివాణ్ణి, నాకెంత చోటు కావాలి?

పేపరు చదవడం మానకు. నీ గొంతు వాళ్ళకు కొత్త, అంతే. మొదట ధరలూ వానలూ చదువు. రాజకీయాలు చివర చదువు, అవి వినడానికి ఆగుతారు.

తొమ్మిది గంటల బస్సుకు పాత డ్రైవరే వస్తున్నాడా? మెట్లకు ఎడమ పక్కనున్న వేప కొమ్మ కిటికీకి తగులుతూ ఉండేది, కొట్టించావా? రెడ్డిగూడెం తోటల్లో మామిడి పూత ఎలా ఉందంటున్నారు? ఖాదర్‌బాషా వాళ్ళమ్మ ఖాసింబీ గారికి మోకాలి నొప్పి తగ్గిందా? సైకిలు మీద గంపలగూడెం నుంచి వచ్చే ఆయన శనివారాలు వస్తున్నాడా?

తీరిక ఉన్నప్పుడు రాయి. తొందరేమీ లేదు.

జగన్నాథరావు.


తిరువూరు,
22-3-1974.

మాస్టారికి నమస్కారాలు.

పాత డ్రైవరే వస్తున్నాడు. వేప కొమ్మ కొట్టించలేదు. పూత బాగా నిలిచిందట. ఖాసింబీ గారి మోకాలు అలాగే ఉంది. గంపలగూడెం ఆయన వస్తున్నారు, మీ అడ్రసు రాసుకున్నారు. ముందుగా వీటికి జవాబులు రాయకపోతే నా ఉత్తరం మీరు స్థిమితంగా చదవరని తెలుసు.

ఇక అసలు సంగతి. మొన్న జిల్లా ఆఫీసు నుంచి సూపరింటెండెంటు అంకారావు గారు తనిఖీకి వచ్చారు. పుస్తకాలు చూశారు, బాగానే ఉన్నాయన్నారు. తర్వాత సభ్యుల దరఖాస్తులు అడిగారు. ఒక్కొక్కటీ తిప్పుతూ హామీదారు అన్న చోట వేలు పెట్టి చూపించారు. జగన్నాథరావు. జగన్నాథరావు. మళ్ళీ జగన్నాథరావు. లెక్కపెడితే ముప్పై ఎనిమిది.

సభ్యత్వం కావాలంటే ఊళ్ళో సొంత ఇల్లుండి పంచాయతీ పుస్తకంలో పేరున్నవారు ఎవరైనా హామీ సంతకం పెట్టాలి. అది నాకు తెలుసు. లైబ్రరీ సిబ్బంది ఆ సంతకం పెట్టకూడదన్న రూలు మాత్రం ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. మీ బదిలీకి కారణం అదేనట.

"పుస్తకం పోతే ఎవర్నడగాలమ్మా? ఇచ్చినవాడే హామీదారు. దొంగా కాపలావాడూ ఒకడేనన్నట్టుంది" అని ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పదహారేళ్ళలో ఈ ముప్పై ఎనిమిది మంది దగ్గర ఒక్క పుస్తకం పోలేదని రిజిస్టరు తెరిచి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. వెళ్ళేముందు ఇంకో మాట చెప్పారు. జూన్ నెలాఖరులోగా ఈ ముప్పై ఎనిమిది మందికీ ఊళ్ళోవాళ్ళే హామీ సంతకాలు పెడితే మీ మీద ఫైలు మూసేస్తారట. అప్పుడు మిమ్మల్ని తిరిగి ఇక్కడికి వేయడానికి అడ్డు ఉండదట. ఒక్కటి తగ్గినా ఫైలు అలాగే ఉంటుందట.

ఈ పేర్ల జాబితా ఒకటి ముందే వాళ్ళ ఆఫీసులో ఉందట. అది అక్కడికి ఎలా చేరిందో నాకు తెలియదు.

రేపటి నుంచి సాయంత్రం లైబ్రరీ మూశాక ఇళ్ళకు తిరుగుతాను. మీకు ఈ ఊళ్ళో అందరూ తెలుసు. ఎవరిని అడగమంటారో రాయండి.

సామ్రాజ్యం.


నడిలంక,
5-4-1974.

చి. సామ్రాజ్యానికి,

జాబితా ఎలా చేరితేనేం, చేరింది. అది వదిలెయ్యి.

నువ్వు తిరగడం నాకు ఇష్టం లేదు. సాయంత్రం పూట ఆడపిల్ల ఇల్లిల్లూ తిరిగి సంతకాలు అడిగితే ఊరు ఊరుకోదు. మీ నాన్న రాయప్పను నాలుగు మాటలు అంటారు. నాకు ఇక్కడ లోటేమీ లేదు.

అయినా వద్దంటే వినవు కదా. పోస్టుమాస్టరు గారి దగ్గరికి ముందు వెళ్ళు. ఆయన పెడితే మిగతావాళ్ళు పెడతారు. బట్టల కొట్టు వాళ్ళ దగ్గరికి సంత రోజు వెళ్ళకు. డాక్టరు గారిని పొద్దున్నే కలుసుకో. ఖాదర్‌బాషా మాట కటువు గానీ మనిషి మెత్తన. లాజరు పంతులు మాట మెత్తన గానీ మనిషి గట్టి.

నా పేరు చెప్పు. నా పేరు చెబితే కాదనరు.

మామిడికాయలు బళ్ళ మీద దిగుతున్నాయా? ఇక్కడ ఎటు చూసినా నీళ్ళే. నీళ్ళకు వాసన ఉంటుందని నాకిన్నాళ్ళూ తెలియదు.

జగన్నాథరావు.


తిరువూరు,
29-4-1974.

మాస్టారికి నమస్కారాలు.

మీ పేరు చెప్పాను. కాదనలేదు, అవుననీ అనలేదు. "రావుగారు మంచివారు. ఆయన కోసం ఏమైనా చేస్తాం. ఇంతకీ వీళ్ళెవరు?" అన్నది పోస్టుమాస్టరు గారి మాట. డాక్టరు గారూ అదే అన్నారు. బట్టల కొట్టులో జాబితా చూసి, ఇందులో ఒక్కడూ మా కొట్టు గుమ్మం ఎక్కినవాడు కాదన్నారు. పది రోజులు తిరిగితే ఒక్క సంతకం రాలేదు.

చివరికి ఖాదర్‌బాషా గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన లారీ కింద పడుకుని ఉన్నారు. పైకి రాకుండానే అంతా విని, "లారీకి హామీ ఉంటా, పెళ్ళికి హామీ ఉంటా. పుస్తకానికి హామీ ఏంటమ్మాయ్? అది పారిపోద్దా?" అన్నారు. షెడ్డులో అందరూ నవ్వారు. లోపల మంచం మీద కూర్చున్న వాళ్ళమ్మ ఖాసింబీ గారు నన్ను పిలిచి పేర్లు చదవమన్నారు. చదివాను. తొమ్మిదో పేరు దగ్గర ఆపారు.

"వీడు మా దగ్గర టైర్లు మార్చేవాడేగా. వీడికి చదువొచ్చా?"

వచ్చునని, నాలుగేళ్ళుగా వారానికొకటి తీసుకెళుతున్నాడని చెప్పాను. ఆమె బయటికి వినబడేలా, "ఒరే ఖాదరూ, నాలుగేళ్ళ నుంచి నీ షెడ్డులో పుస్తకాలు చదివేవాడున్నాడంట, నీకు తెలుసా?" అన్నారు. ఆయన లారీ కింది నుంచి బయటికి వచ్చారు. తెలియదట. ఇంకా ఎవరెవరున్నారని వెతికితే, ఆ షెడ్డు మీద బతికేవాళ్ళే తొమ్మిది మంది ఉన్నారు.

అయినా ఆమె వెంటనే పెట్టించలేదు. "కాగితం మీద పేరుకి హామీ ఉండం. ఒక్కొక్కణ్ణీ నా గుమ్మం ముందుకి తీసుకురా. మొహం చూస్తా, ఏం చదివాడో చెప్పమంటా. అప్పుడు పెట్టమంటా" అన్నారు. అలాగే తీసుకెళ్ళాను. రోజూ పలకరించే మనుషులే, ఆమె ముందు నిలబడి చదివింది చెప్పడానికి వాళ్ళకు చెమటలు పట్టాయి. ఒకతను కథ మధ్యలో ఆపేస్తే తర్వాతేమైందని ఆమె వదల్లేదు. తొమ్మిదికి తొమ్మిదీ సంతకాలు అయ్యాయి.

ఆ పద్ధతే మిగతా చోట్ల కూడా పెట్టాను. ఇప్పుడు జాబితా పట్టుకుని వెళ్ళడం లేదు, మనిషిని వెంటబెట్టుకుని వెళుతున్నాను. డాక్టరు గారు ముగ్గురికి పెట్టారు. పోస్టుమాస్టరు గారు నలుగురికి. మొత్తం పదహారు అయ్యాయి.

ఒక మాట రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మాస్టారూ, మీరు అందరికీ మీరే హామీ ఉన్నారు. అందువల్ల వాళ్ళు మీకు తెలిశారు గానీ ఊరికి తెలియలేదు. మీరు వెళ్ళగానే వాళ్ళకు ఎవరూ లేకుండా పోయారు.

ఇంకొకటి ఉంది. అది ముందు రాయవలసింది. నెల రోజులుగా నిద్ర పట్టడం లేదు. ఆ జాబితా పంపింది నేనే. అక్టోబరులో మీరు కంటి వైద్యానికి గుంటూరు వెళ్ళినప్పుడు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, సభ్యుల పేర్లూ హామీదారుల పేర్లూ రాసి పంపమని. మీరొచ్చేదాకా ఆగాలని నాకు తోచలేదు. ఎర్ర సిరాతో గీతలు గీసి, ఎంతో శ్రద్ధగా రాశాను. చివర విశేషాల గడిలో మీ గురించి గొప్పగా రాశాను. మీకు మంచి పేరొస్తుందనుకున్నాను. "నీ చేతిరాతే కదమ్మా" అని అంకారావు గారు నాకు చూపించారు. మీకేమో నాకు తెలియదని అబద్ధం రాశాను.

నన్ను ఏమనాలో మీరే అనండి.

సామ్రాజ్యం.


నడిలంక,
18-5-1974.

చి. సామ్రాజ్యానికి,

జవాబు ఆలస్యమైంది. పడవలు తిరగక కాదు.

జాబితా సంగతి నాకు జనవరిలోనే తెలుసు. విచారణలో ఆ కాగితం నా ముందు పెట్టారు. ఎనిమిదో తరగతి నుంచి చూస్తున్న చేతిరాత నేను గుర్తు పట్టనా? కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. వచ్చింది. నీకు చార్జి అప్పగించి బస్సెక్కినప్పుడు నీ వైపు చూడకపోవడం అందుకే. ఇక్కడికొచ్చాక విశేషాల గడిలో నువ్వు రాసిన వాక్యం మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. "ఈ ముప్పై ఎనిమిది మందిని ఈ ఊళ్ళో నమ్మినవారు మా లైబ్రేరియన్ గారొక్కరే." ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నా గురించి ఎవరూ అంత మంచి మాట రాయలేదు. నన్ను పంపించేసిన మాట కూడా అదే. ఏం చేస్తాం? పిల్లలు నిజం రాస్తారు.

ఆలస్యమైంది ఆ రెండో మాట వల్ల. వాళ్ళు నాకు తెలిశారు గానీ ఊరికి తెలియలేదన్న మాట దగ్గర నీ ఉత్తరం మడిచి పెట్టేశాను. వారం రోజులు తియ్యలేదు. ఎవరినైనా ఇంకొకరి గుమ్మం దగ్గరికి తీసుకువెళ్ళడం చేతకాక కాదు. వాళ్ళు నా దగ్గరికి మాత్రమే రావడం నాకు ఇష్టంగా ఉండేది. ఇంట్లో మనిషి పోయాక ఆ గదే నాకు ఇల్లయింది. ఇది నేను ఎవరితోనూ అనలేదు.

కాబట్టి నీ మీద నాకేమీ లేదు. నిద్రపో.

ఇంకెన్ని మిగిలాయి? తోట కాపలా శాంతయ్య సంగతి నాకు తెలుసు, అతనికి ఎవరూ పెట్టరు. దొరక్కపోతే అతని కార్డు రద్దు చేసి ముప్పై ఏడుకే జాబితా రాసెయ్యి. ఎవరూ లెక్కపెట్టరు.

జగన్నాథరావు.


తిరువూరు,
24-6-1974.

మాస్టారికి నమస్కారాలు.

శాంతయ్య కార్డు రద్దు చేయలేదు. మీరు అలా రాసినందుకు బాధపడ్డాను. రావాలన్న ఆశ ఎంత ఉంటే మీరు ఆ మాట రాస్తారో కూడా అర్థమైంది.

పదిహేనో తారీఖుకు ముప్పై ఏడు అయ్యాయి. పేటలో పదకొండు మందికి లాజరు పంతులు గారు పెట్టారు. మామిడి తోట కాపలా శాంతయ్య దగ్గరికి వచ్చేసరికి పెన్ను మూసేశారు. "క్రిస్మస్ పండగ రోజు తాగొచ్చి గుడి ముందు గొడవ చేసినవాడికి నేను హామీ ఉండాలా? నా పేరుకున్న విలువ పోతుంది" అన్నారు. డాక్టరు గారు తెలియదన్నారు. ఖాసింబీ గారి ముందు నిలబెట్టడానికి అతను రానే రాలేదు. "నన్ను చూపించొద్దమ్మా, నాకు పుస్తకమూ వద్దు ఏమీ వద్దు" అని తోటలోకి వెళ్ళిపోయాడు.

ఇంక ఎనిమిది రోజులే మిగిలాయి. ఒక సాయంత్రం నేను అన్నం తినకుండా కూర్చుంటే మా నాన్న ఏమిటని అడిగాడు. చెప్పాను. ఇన్నాళ్ళూ ఇంట్లో చెప్పలేదు. చదువుకున్న నా పని చదువు రాని వాళ్ళకేం తెలుస్తుందని మనసులో ఎక్కడో ఉన్నట్టుంది. మా నాన్న అంతా విని, "హామీకి సొంత ఇల్లుండాలన్నావు కదా. మన కాలనీ ఇల్లు నా పేరునే ఉంది, పంచాయతీ పుస్తకంలో ఎక్కించారు" అన్నాడు.

సంతకం రాదు కదా నాన్నా అన్నాను.

"వేలు ఉందిగా" అన్నాడు. తర్వాత ఇలా అన్నాడు. "శాంతయ్యతో ఆరు వేసవులు తోట కాపలా కాశాను. తాగుతాడు, కాదనను. కానీ చెట్టు కింద రాలిన కాయ కూడా అడక్కుండా తీసుకోడు. మధ్యాహ్నాలు ఎండలో పక్షులు కూడా రావు, అప్పుడు మీ లైబ్రరీ పుస్తకాలు తెచ్చి నాకు చదివి వినిపించేవాడు. నువ్వు బళ్ళో చేరకముందు నుంచీ."

నా చదువు మా ఇంటికి మొదటిదని అందరితో చెప్పుకున్నాను మాస్టారూ. మా నాన్న నాకంటే ముందే మన బీరువాల్లో పుస్తకాలు విని ఉన్నాడు. నాకు తెలియదు. నేను ఎన్నడూ అడగలేదు.

మరునాడు మా నాన్న మొదటిసారి లైబ్రరీ మెట్లెక్కాడు. చెప్పులు బయట విప్పి వచ్చాడు. వేలిముద్రకు ఇద్దరు సాక్షులు కావాలంటే ఖాదర్‌బాషా గారు ఒకటి పెట్టారు. రెండోది లాజరు పంతులు గారు పెట్టారు. "శాంతయ్యకి కాదు, రాయప్పకి పెడుతున్నాను" అని గట్టిగా చెప్పి మరీ పెట్టారు.

ముప్పై ఎనిమిదీ రిజిస్టరు పోస్టులో పంపాను. మీరు వస్తారు.

సామ్రాజ్యం.


నడిలంక,
30-7-1974.

చి. సామ్రాజ్యానికి,

ఫైలు మూసేశారు. నీకూ కాగితం వచ్చి ఉంటుంది. అందులో ఉన్న రెండో సంగతి చూసే ఉంటావు. నీ పాత అసిస్టెంటు పోస్టు తీసేశారు, తిరువూరులో ఇప్పుడు ఉన్నది ఒకే పోస్టు. నేను అక్కడికి వస్తే నువ్వు ఇక్కడికి రావాలి. ఇద్దరి సమ్మతీ అడిగారు.

నాకు ఇష్టం లేదని రాద్దామని కూర్చున్నాను. నీకు అది సొంత ఊరు, అమ్మానాన్నలు అక్కడున్నారు. నాకు ఇంకా ఆరు నెలల సర్వీసే ఉంది, ఎక్కడైనా గడిచిపోతుంది. ఇదంతా కాగితం మీద రాయడానికి ఎంతసేపు? నాలుగు రోజులు కూర్చున్నాను. రాయలేకపోయాను. సమ్మతమేనని రాసి పంపేశాను.

నువ్వు కాదని రాయవచ్చు. రాస్తే నేనేమీ అనుకోను. నా సిగ్గు నీకు తెలియాలని ఈ ఉత్తరం.

జగన్నాథరావు.


తిరువూరు,
9-8-1974.

మాస్టారికి నమస్కారాలు.

నేనూ సమ్మతమేనని రాశాను. మీ ఉత్తరం రాకముందే పంపాను.

మా అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మా నాన్న మాత్రం పడవ ఎక్కడ ఎక్కాలి, ఎంతసేపు పడుతుంది, ఊళ్ళో గుడి ఉందా అని ఎవరినో అడిగి తెలుసుకుని వచ్చాడు. మీరు సిగ్గుపడవద్దు. మీకు ఈ ఊరి మీద ఎంత బెంగ ఉందో మీరు రాసిన మామిడి బళ్ళను బట్టి నాకు మొదటి నుంచీ తెలుసు. మీరు కాదని రాసి ఉంటే నేను ఇక్కడ ఆ కుర్చీలో కూర్చోగలిగేదాన్ని కాదు.

పంతొమ్మిదో తారీఖు సోమవారం చార్జి అప్పగిస్తాను. రండి.

సామ్రాజ్యం.


తిరువూరు,
15-9-1974.

చి. సామ్రాజ్యానికి,

నువ్వు వెళ్ళి నెల కావస్తోంది. ఆ రెండు రోజులూ మనం పుస్తకాలు లెక్కపెట్టడంతోనే సరిపోయింది. నేను పేరు చదవడం, నువ్వు టిక్కు పెట్టడం. నాలుగు వేల నూట ఆరు పుస్తకాలు. ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదని నువ్వు బస్సెక్కాక గాని తోచలేదు. ఈసారి నీ వైపు చూశాను. నువ్వు చూడలేదు.

ఊరు అలాగే ఉంది. బస్సు తొమ్మిదికే వస్తోంది. మొదటి రోజు పేపరు తీసి చదవబోతే మెట్ల మీద వాళ్ళు విన్నారు గానీ, చివర లారీ షెడ్డులో టైర్లు మార్చే అతను లేచి, "అమ్మాయిగారైతే ధరలు ముందు చదివేవారండి" అన్నాడు. ఆ పద్ధతి నీకు నేర్పింది నేనేనని చెప్పబోయి ఊరుకున్నాను. ఖాదర్‌బాషా గేటు దగ్గర నిలబడి, "అమ్మాయెప్పుడొస్తుంది రావుగారూ?" అంటున్నాడు. మీ నాన్న వారానికి ఒకసారి వస్తాడు. శాంతయ్య పుస్తకం తీసుకుంటుంటే పక్కన నిలబడతాడు.

సభ్యత్వానికి నిన్న ఒకతను వచ్చాడు. హామీ ఎవరూ లేరన్నాడు. పెన్ను తీయబోయాను, చెయ్యి అలవాటు. ఆపుకుని, ఖాసింబీ గారి ఇంటికి తీసుకువెళ్ళాను. ఈ ఊళ్ళో పదహారేళ్ళున్నాను, ఆమె గుమ్మం ముందు నిలబడటం అదే మొదటిసారి. నాతో వచ్చిన అతన్ని వదిలిపెట్టి, ముందు నన్ను, "మీరేం చదివారండీ ఈ మధ్య?" అని అడిగారు.

నేను ఏ ఊరికి రావాలని అంత తపించానో ఆ ఊరు ఇది కాదు. దీనికంటే అది చిన్నది. అక్కడ అందరూ నా కోసమే ఎదురు చూస్తుండేవారు.

నీ ఆరోగ్యం జాగ్రత్త. కాచిన నీళ్ళే తాగు. బస సరిగా లేకపోతే రాయి.

జగన్నాథరావు.


నడిలంక,
6-10-1974.

మాస్టారికి నమస్కారాలు.

ఆ రోజు మీ వైపు చూస్తే ఏడుస్తానని చూడలేదు. బస్సు రెడ్డిగూడెం దాటాక ఏడ్చాను. కండక్టరు టికెట్టు అడగడానికి కూడా మొహమాటపడి, చివర డబ్బులు తీసుకున్నాడు.

ఇక్కడ నన్నెవరూ ఎరగరు. తిరువూరులో నేను రాయప్ప కూతుర్ని, మీ దగ్గర పనిచేసిన అమ్మాయిని. ఇక్కడ వట్టి లైబ్రరీ మనిషిని. మీరు చెప్పింది నిజమే, పేపరు వచ్చే వేళకు అందరూ వలల దగ్గర ఉంటారు. అందుకని పేపరు పట్టుకుని నేనే వలల దగ్గరికి వెళుతున్నాను. మొదటి వారం ఎవరూ మొహమెత్తి చూడలేదు. ధరలు చదివినా చూడలేదు, వాళ్ళ చేపల ధర ఏ పేపర్లోనూ ఉండదట. వాన కబురు ఉన్న రోజున మాత్రం చేతులు ఆగాయి. అప్పటి నుంచి అదే ముందు చదువుతున్నాను.

సభ్యుల దరఖాస్తులు చూశాను. మీరున్న ఆరున్నర నెలల్లో ఒక్క కొత్త కార్డు కూడా లేదు. ఎందుకో అర్థమైంది. బాధపడకండి. ఇప్పటికి నాలుగు అయ్యాయి. పడవ మేస్త్రి ఇంటి గుమ్మం ముందు నలుగురినీ నిలబెట్టాను. ఖాసింబీ గారంత గట్టిగా అడగలేదు గానీ ఆయనా అడిగాడు. ఐదో ఆమె వలలు అల్లే మనిషి, పేరు శివపార్వతి. ఆమెను రమ్మంటే నన్ను పైనుంచి కిందికి చూసి, "నీకే ఈ ఊళ్ళో దిక్కు లేదు, నన్నెవరికి చూపిస్తావు?" అంది. పేపరు మడుచుకుని వచ్చేశాను.

మీ ఉత్తరంలో ఊరి సంగతులు తక్కువ రాశారు. మా నాన్న వచ్చినప్పుడు చొక్కా ఏది వేసుకుంటున్నాడు? దగ్గు తగ్గిందా? శాంతయ్య ఏ పుస్తకం తీసుకెళ్ళాడు? వేప కొమ్మ కిటికీకి తగులుతోందా? వానలకు మెట్ల ముందు నీళ్ళు నిలుస్తాయి, ఇటుకలు వేయించండి. అన్నీ రాయండి. చిన్నవని వదిలేయకండి.

వచ్చినందుకు విచారించడం లేదు. కానీ సాయంత్రం అయిదింటికి అవతలి ఒడ్డు నుంచి ఆఖరి పడవ వస్తుంది. లైబ్రరీ గుమ్మంలోంచి అది కనబడుతుంది. దిగేవాళ్ళలో నాకు తెలిసిన మొహం ఉండదని తెలిసీ రోజూ నిలబడి చూస్తాను. ఎక్కేవాళ్ళను చూడను, వాళ్ళలో కలిసిపోతానేమోనని.

నిన్న అలాగే నిలబడ్డాను. అందరూ దిగి ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు. నెత్తిన గంపతో శివపార్వతి దిగింది. నన్ను దాటి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే, "ఏం సామ్రాజ్యం, ఎవరి కోసం చూస్తన్నావు? రేపు పొద్దున్నే వస్తాలే ఆ మేస్త్రి గుమ్మానికి" అని వెళ్ళిపోయింది.

ఈ ఊళ్ళో నా పేరు ఎవరికైనా తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

సామ్రాజ్యం.